దిశ ఎవరిది?

"నేత మా రక్తంలోనే వుంది" అన్న మాట కొత్తవాడలో పాతది. ఇప్పుడా మాట కొత్త చొక్కా తొడుక్కున్నది. "నేత వీరి డి.ఎన్.ఏ.లోనే వున్నది" అని సభల్లో ఉపన్యాసకులు అంటున్నారు, చప్పట్లు మోగుతున్నాయి. పొగడ్తే కదా, ఇందులో తప్పేమున్నది అని ఎవరైనా అడగవచ్చు. తప్పున్నది. నేత డి.ఎన్.ఏ.లోనే వుంటే నూలు ధర గురించీ, జంపఖానాకు ముట్టే కూలి గురించీ, నేతగాని పిల్లవాడి చదువు గురించీ మాట్లాడవలసిన అవసరమే లేదు. చేప ఈదినందుకు ఎవరూ కూలి యివ్వరు. స్వభావం ప్రకారం చేసే పనికి వెల కట్టనక్కరలేదన్న అర్థం ఆ పొగడ్తలో దాగి వున్నది.

ఈ మాటకు రెండో ముఖం కూడా వున్నది. నేను చాలాకాలంగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఒకనాడు ఒక విద్యార్థి, మంచి తెలివి గలవాడే, పరీక్ష కాగితం నా ముందు పెట్టి, "మాకు లెక్కలు రావు సార్. అది మా డి.ఎన్.ఏ.లనే లేదు" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గాని ఆ నవ్వు వెనక నమ్మకం వున్నది. తాత ముత్తాతలకు "రాసిపెట్టి వుంది" అన్న మాట ఎట్లా పనిచేసిందో, ఆ పిల్లవాడికి ఈ మాట అట్లా పనిచేస్తున్నది. బ్రహ్మ నుదుటి మీద రాస్తాడనటం మానేశాం; కణంలో రాసి వున్నదంటున్నాం. చెరిపేసుకోవటానికి వీల్లేదన్న భావం మాత్రం మారలేదు.

కాబట్టి ప్రశ్న ఇది: మనిషి నడిచే దిశ అతని పుట్టుకలో వున్నదా, అతని చుట్టూ వున్న పరిస్థితుల్లో వున్నదా? ఈ ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రం ఇస్తుందని నేను అనను. మనిషి అణువు కాడు. కాని ఈ వాదంలో అణువును సాక్షిగా పిలిచినవాళ్ళు అవతలివాళ్ళు. పిలిచిన తర్వాత సాక్షి ఏమంటుందో వినాలి గదా! అందుకే డి.ఎన్.ఏ. గురించి చాలా చిన్న విషయం ఒకటి తీసుకుంటాను: ద్రావణంలో వున్న డి.ఎన్.ఏ. అణువులు విద్యుత్ క్షేత్రంలో ఏ దిశకు తిరుగుతాయి, ఎందుకు తిరుగుతాయి?

డి.ఎన్.ఏ. అంటే పురి పెట్టిన రెండు పేటల దారం. మందం రెండు నానోమీటర్లు, అంటే మీటరును నూరు కోట్ల వంతులు చేసి అందులో రెండు వంతులు తీసుకున్నంత. ఒక్క మానవ కణంలో వున్న దారమంతా కలిపి చాపితే సుమారు రెండు మీటర్లు వస్తుంది. పొట్టి ముక్కలు కడ్డీల్లాగా బిర్రుగా వుంటాయి. నూట యాభై జతల అక్షరాలు దాటి పొడవు పెరిగే కొద్దీ వంగటం మొదలు పెడతాయి. నీటిలో వేసినప్పుడు ఈ దారం పొడుగునా ఋణ విద్యుదావేశం వుంటుంది. ప్రతి జత దగ్గరా రెండేసి ఆవేశాలు. వాటి చుట్టూ ద్రావణంలోని సోడియం వంటి ధనావేశపు అయాన్లు మూగుతాయి. 1969లో జెరాల్డ్ మానింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వేసిన లెక్క ప్రకారం మామూలు ఉప్పునీటిలో ఆ ఆవేశంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇట్లా మూగిన అయాన్ల చేతనే చెల్లిపోతుంది. అంటే, మనం "డి.ఎన్.ఏ. అణువు" అని పిలిచేది ద్రావణంలో ఎన్నడూ ఒంటరిగా వుండదు. దాని పరివారంతోనే అది అది.

విద్యుత్ క్షేత్రం లేనప్పుడు ఈ అణువులు తలొక దిక్కుగా పడి వుంటాయి. వేడి వల్ల నీటి అణువులు వాటిని క్షణక్షణం కుమ్ముతూ వుంటాయి. క్షేత్రం పెట్టగానే అయాన్ల మబ్బు అణువు పొడుగునా ఒక కొస వైపుకు కొద్దిగా జరుగుతుంది. ఆ జరగటం వల్ల అణువుకు రెండు కొసల మధ్య తేడా పుడుతుంది. ఆ తేడాను పట్టుకుని క్షేత్రం అణువును తన దారికి తిప్పుతుంది. గమనించవలసిన సంగతేమిటంటే, ఈ తేడా అణువుకు పుట్టుకతో వచ్చింది కాదు. డి.ఎన్.ఏ.లో రెండు పేటలు ఎదురెదురుగా నడుస్తాయి, ఒకదాని తల దగ్గర రెండవదాని తోక. అందువల్ల మొత్తం అణువుకు తలా తోకా అన్న శాశ్వత భేదం లేదు. తిరిగే లక్షణాన్ని క్షేత్రమే అణువులో పుట్టించి, ఆ లక్షణం ద్వారానే అణువును తిప్పుతున్నది! అందుకే క్షేత్రం దిశను తారుమారు చేస్తే అణువు తలకిందులు కానక్కరలేదు. మబ్బు రెండో కొసకు జరుగుతుంది, అంతే. అందుకే బలహీనమైన క్షేత్రాల్లో, క్షేత్రాన్ని రెట్టింపు చేస్తే తిరగటం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది.

ఇదంతా కంటితో చూసి చెప్పింది కాదు. సెంటీమీటరుకు కొన్ని వేల వోల్టుల క్షేత్రాన్ని, ద్రావణం వేడెక్కిపోకుండా, మైక్రోసెకన్ల లెక్కన పెట్టి తీసేస్తారు. ఒకే తలంలో కంపించే అతినీలలోహిత కాంతిని ఆ ద్రావణం గుండా పంపుతారు. డి.ఎన్.ఏ.లోని అక్షరాలు మెట్ల మాదిరిగా అక్షానికి అడ్డంగా వుంటాయి కాబట్టి, అణువులు వరుస తీరితే కాంతిని పీల్చుకోవటంలో తేడా వస్తుంది. ఆ తేడాను కొలిచి, ఎంత భాగం వరుస తీరిందో లెక్క కడతారు. క్షేత్రం తీసెయ్యగానే నూట యాభై జతల ముక్క కొన్ని మైక్రోసెకన్లలోనే తన దిశను మరిచిపోతుంది.

ఇక లెక్క ఏమంటుందో చూద్దాం. వరుస తీరటం దేని మీద ఆధారపడి వున్నది? అణువు పొడవు మీద, దాని బిర్రుతనం మీద, క్షేత్రబలం మీద, ద్రావణంలో ఎంత ఉప్పున్నది, ఏ ఉప్పున్నది అనే దాని మీద, వేడి మీద. అదే అణువు, అదే క్షేత్రం. ఉప్పు పెంచితే తిరగటం తగ్గుతుంది. "డి.ఎన్.ఏ. విద్యుత్ క్షేత్రంలో ఎంత తిరుగుతుంది?" అని అడిగితే శాస్త్రజ్ఞుడు జవాబు చెప్పడు, "ఏ ద్రావణంలో? ఎంత క్షేత్రంలో? ఎంత వేడిలో?" అని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఆ ఎదురు ప్రశ్నలు లేకుండా వచ్చిన జవాబు శాస్త్రం కాదు. మరి నీటి గిన్నెలో ఒక దారపు ముక్క ఎటు తిరుగుతుందో చెప్పటానికే ఇన్ని ప్రశ్నలు అవసరమైతే, కొత్తవాడ కుర్రవాడు ఎటు పోతాడో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చెప్పేవాడిని ఏమనాలి?

నమూనాల విషయంలో ఇంకొక పాఠం వున్నది. డి.ఎన్.ఏ. ముక్కలను పొడవును బట్టి వేరు చెయ్యాలంటే ఉత్త ద్రావణం పనికిరాదు. పొడవు పెరిగితే ఆవేశంతోపాటు నీటి ఒరిపిడి కూడా అదే పాళ్ళలో పెరుగుతుంది గనుక, కొన్ని వందల జతలు దాటిన ముక్కలన్నీ ఒకే వేగంతో పోతాయి. అందుకని వాటిని జెల్ అనే మెత్తని వల గుండా లాగుతారు. వలలో పొట్టివి ముందు పోతాయి, పొడుగువి వెనకబడతాయి. కాని కొన్ని పదుల వేల జతలు దాటితే అక్కడా విచిత్రం జరుగుతుంది. మరీ పొడుగు ముక్కలు క్షేత్రం దిశలో సాగి, వరుస తీరి, మళ్ళీ అన్నీ ఒకే వేగంతో పోతాయి. వాటి మధ్య తేడా తెలియటం మానేస్తుంది. 1984లో డేవిడ్ ష్వార్ట్జ్, చార్లెస్ కాంటర్ దీనికి ఉపాయం కనిపెట్టారు. క్షేత్రాన్ని ఒకే దిశలో వుంచక మాటిమాటికీ దిశ మార్చారు. పొట్టివి త్వరగా తిరిగాయి, పొడుగువి ఆలస్యంగా తిరిగాయి, తేడా బయటపడ్డది. ఈస్టు క్రోమోజోములను వాళ్ళు ఈ విధంగా వేరు చేశారు. క్షేత్రం ఒకే తీరుగా వున్నంతకాలం కనబడని భేదం క్షేత్రం మారినప్పుడే కనబడ్డది.

వలలో పోయే దారాన్ని లెక్క కట్టటానికి శాస్త్రజ్ఞులు ఒక బొమ్మ కల్పించుకున్నారు: ఇరుకైన గొట్టంలో తల ముందు పెట్టుకుని పాకే పాము. పొడుగాటి అణువులకు ఈ పాము బొమ్మను 1971లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద జెన్ ప్రతిపాదించాడు. 1980ల్లో దాన్ని విద్యుత్ క్షేత్రంలోని డి.ఎన్.ఏ.కు అన్వయించారు. మంచి నమూనా, చాలా సంగతులు చెప్పింది. ఐతే 1989లో స్మిత్, ఆల్డ్రిజ్, కాలిస్ అనే ముగ్గురు మెరిసే రంగు పూసిన ఒక్కొక్క అణువును సూక్ష్మదర్శినిలో చూశారు. అది పాములాగా బుద్ధిగా పాకటం లేదు. మధ్యలో వలకు తగులుకుని కొక్కెంలాగా వంగుతున్నది, రెండు కొసలూ ముందుకు సాగుతున్నవి, ఒక కొస గెలిచి రెండో కొసను లాక్కుపోతున్నది, ముడుచుకుంటున్నది, మళ్ళీ సాగుతున్నది. నమూనా కట్టినవాళ్ళు అణువుదే తప్పు అనలేదు. గొట్టంలో దారం ఎప్పుడూ ఒకే బిగువుతో వుంటుందనుకోవటం చాలదని గ్రహించి లెక్కలు దిద్దుకున్నారు.

నమూనా కట్టటంలో నీతి ఇక్కడే వున్నది. ప్రతి నమూనా కొంత వదిలేస్తుంది. వదలకపోతే లెక్క సాగదు. వదలటం నేరం కాదు. వదిలింది చెప్పకపోవటం నేరం. వదిలిన దానిలోంచే ఎదురు సాక్ష్యం వచ్చినప్పుడు వినకపోవటం ఇంకా పెద్ద నేరం. అణువుల విషయంలో ఈ నేరం వల్ల ఒక వ్యాసం తప్పవుతుంది. మనుషుల విషయంలో బతుకులు తప్పిపోతాయి.

డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని 1953లో వెల్లడించిన ఇద్దరిలో ఒకడైన జేమ్స్ వాట్సన్ ఉదాహరణ చూడండి. ఆ నిర్మాణానికి ఆధారమైన ఎక్స్‌కిరణాల చిత్రం 1952లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసింది. అణువులన్నీ ఒకే దిశలో వరుస తీరేటట్టు పోగును జాగ్రత్తగా సాగదీసి, తేమ ఎంతో చూసుకుని తీసిన చిత్రమది. అంత జాగ్రత్త మీద నిలబడి పేరు తెచ్చుకున్న వాట్సన్, 2007లో ఆఫ్రికన్ల తెలివితేటలు పుట్టుకతోనే తక్కువన్న అర్థం వచ్చే మాటలు అన్నాడు. ఆయన పనిచేసిన సంస్థే ఆయనను దూరం పెట్టింది. 2019లో గౌరవ పదవులు కూడా తీసేసింది. అణువు నిర్మాణం తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు. అణువు దగ్గర అడిగే ప్రశ్నలు మనిషి దగ్గర మానేస్తే ఎంతటి శాస్త్రజ్ఞుడైనా రచ్చబండ కబుర్లే చెబుతాడు.

ఇంతవరకు చెప్పింది మనకు రుచించే మాట. ఇక రుచించని మాట కూడా చెప్పుకోవాలి. "దిశ అంతా పుట్టుకదే" అనేవాళ్ళు ఒకవైపు తప్పితే, "దిశ అంతా క్షేత్రానిదే" అనేవాళ్ళు మరోవైపు తప్పారు. ఆ రెండో తప్పు మన పక్షంలో జరిగింది. సోవియట్ యూనియన్‌లో లైసెంకో వర్గం, పరిసరాన్ని మార్చి విత్తనం స్వభావాన్ని కోరినట్టు మలచవచ్చునన్నది. 1948లో జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని ముద్ర వేసి తోసిపుచ్చారు. అంతకుముందే, 1943లో, విత్తనాల కోసం ప్రపంచమంతా తిరిగిన మహా శాస్త్రజ్ఞుడు వావిలోవ్ జైలులో చనిపోయాడు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన లెక్క ఒప్పుకాదు. క్షేత్రం అణువును తిప్పగలుగుతున్నది, నిజమే. కాని ఆ అణువుకు ఆ నిర్మాణం, ఆ ఆవేశం, ఆ బిర్రుతనం వుండబట్టే తిప్పగలుగుతున్నది. పుట్టుక లేదనటం భౌతికవాదం కాదు, అది భావవాదానికి ఎర్రరంగు పూయటం. మార్క్సిస్టుగా వుంటూనే జన్యుశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకడైన హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పుట్టుకకూ పరిసరానికీ మధ్య సంబంధాన్ని లెక్కతో చూడాలి గాని నినాదంతో కాదని ఆయన కృషి మనకు చెబుతున్నది.

ఇప్పుడు కులం మాటకు వద్దాం, ఎందుకంటే "మా డి.ఎన్.ఏ." అని మన ఊళ్ళో అన్నప్పుడు చాలాసార్లు దాని అర్థం కులమే. హైదరాబాదులో 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వాన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఏర్పడ్డది. జెల్‌లో విద్యుత్ క్షేత్రం కింద డి.ఎన్.ఏ. ముక్కలను పరిగెత్తించి మనుషుల గుర్తింపు తేల్చే పద్ధతిని లాల్జీ సింగ్ మన దేశంలో అభివృద్ధి చేసింది అక్కడే. ఆ గీతలు ఎవరు ఎవరి బిడ్డో, ఈ రక్తపు మరక ఎవరిదో చెబుతాయి. ఆ మనిషి మంచివాడో చెడ్డవాడో, లెక్కలు వస్తాయో రావో చెప్పవు. అదే సంస్థకు చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ అమెరికన్ పరిశోధకులతో కలిసి 2009లోనూ 2013లోనూ ప్రకటించిన పరిశోధనలు మరొక సంగతి చెప్పాయి. భారతదేశంలో వేరువేరు మూలాల జనం సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా విస్తారంగా కలిసిపోయారు. ఆ తర్వాత ఆ కలయిక ఆగిపోయింది. అంటే, కులాల మధ్య గోడ డి.ఎన్.ఏ. కట్టింది కాదు. సమాజం గోడ కట్టింది, ఆ గోడ నీడ డి.ఎన్.ఏ. మీద పడ్డది. ముందు పెళ్ళిళ్ళ మీద కట్టడి, ఆ తర్వాతే అణువులో గుర్తు. కార్యాన్ని చూపి అదే కారణమనటం పాత పురోహితుని పద్ధతే.

కొత్తవాడనే చూడండి. ఒకే ఇంటి మనుషులు ఒకరు ఇక్కడ గుంట మగ్గం మీద జంపఖానా నేశారు. మరొకరు 1934లో వెలసిన ఆజంజాహి మిల్లులో యంత్రం దగ్గర నిలబడ్డారు. 2002లో ఆ మిల్లు మూతపడ్డది. అన్నదమ్ముల బిడ్డలు భీవండికో, సూరత్‌కో, షోలాపూర్‌కో పోయి మరమగ్గాల మీద పనిచేశారు. ఇప్పుడు మనుమలు కంప్యూటర్ల దగ్గరో, సరుకు చేరవేసే మోటారు సైకిళ్ళ మీదో వున్నారు. ఒకే రక్తం, నాలుగు దిక్కులు. వాళ్ళను తిప్పింది నూలు ధర, మిల్లు యాజమాన్యం, అంగడి, అప్పు, చదువు. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకు పేరు దక్కింది. పేరు దక్కిన సరుకు నేసేవాడి బిడ్డ మగ్గం ఎందుకు వదులుతున్నాడన్న ప్రశ్నకు డి.ఎన్.ఏ. దగ్గర జవాబు లేదు. కూలి దగ్గర వున్నది.

ఐతే ఇక్కడ నేను కూడా ఒక నమూనా కడుతున్నాను గదా! అణువు, క్షేత్రం అన్న బొమ్మను మనుషులకు తగిలిస్తున్నాను. ఈ బొమ్మ వదిలేసింది ఏమిటో చెప్పటం నా బాధ్యత. అది వదిలేసింది అతి ముఖ్యమైన సంగతి: క్షేత్రాన్ని పుట్టించే తీగలు అణువుల చేతిలో లేవు. అవి క్షేత్రాన్ని ఎరగవు. ఎన్ని కోట్ల అణువులు కలిసినా, తమను తిప్పుతున్నదేమిటని ఒకదాన్నొకటి అడగవు. మనుషుల చుట్టూ వున్న క్షేత్రమో, మనుషులే కట్టింది. నూలు ధర ఆకాశం నుంచి పడలేదు. కట్టినవాళ్ళు ఎవరో కనుక్కోవచ్చు. పడే కష్టం ఒకటేనని తెలుసుకున్నవాళ్ళు సంఘంగా నిలబడి దాన్ని మార్చవచ్చు. మనుషులను అణువులుగా మాత్రమే చూసే నమూనా వున్నది. అది మిల్లు లెక్కల పుస్తకంలోనూ, ఎన్నికల లెక్కల్లోనూ వుంటుంది. మనం దాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు.

మరి స్వేచ్ఛ మాట? కొందరు అంటారు: వేడి వల్ల అణువులు క్షేత్రాన్ని ధిక్కరించి ఎటుపడితే అటు తిరుగుతాయి గదా, అదే స్వేచ్ఛ అని. కాదు. అది కుదుపు. బస్సు గుంతలో పడ్డప్పుడు పక్కవాడి మీద ఒరగటాన్ని ఎవరూ స్వేచ్ఛ అనరు. పుట్టుక తెలుసుకుని, క్షేత్రం తెలుసుకుని, ఏది మార్చగలమో ఏది మార్చలేమో లెక్క వేసి, మార్చగలిగినదాన్ని నలుగురితో కలిసి మార్చటం స్వేచ్ఛ. అందుకే బాధ్యత కూడా వున్నది. పరిస్థితులు తిప్పాయన్నది వివరణ అవుతుంది, క్షమాపణ పత్రం కాదు. మగ్గం మీది కుర్రవాడు లెక్కలు రావన్నప్పుడు అతని నేరం తక్కువ. అతనికి లెక్కలు రావని ముందే తేల్చేసుకున్న ఉపాధ్యాయుని నేరం ఎక్కువ. ఎందుకంటే, ఆ తరగతి గదిలో ఉపాధ్యాయుడు కూడా క్షేత్రంలో భాగమే.

ఆ విద్యార్థికి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. మీ ఇంట్లో జంపఖానాకు పడుగు పోగులు ఎన్ని, చారల రంగులు ఎన్ని పోగులకొకసారి మారతాయి, ఆ లెక్క ఎవరు వేస్తారు అని అడిగాను. "నాయన నోటితోనే వేస్తడు సార్" అన్నాడు. ఆ తండ్రికి రోజూ వచ్చే లెక్కలు కొడుకుకు బడిలో ఎందుకు రాకుండా పోయినవో కనుక్కోవటం ఆ ఏడాది మా ఇద్దరి పని అయింది. వెతికే కొద్దీ కారణాలు దొరికాయి: లెక్క నేర్పిన భాష, ట్యూషను డబ్బు, సాయంత్రం కండెలు చుట్టవలసిన ఇల్లు. వాటిలో కొన్ని మా చేతిలో వున్నవి, కొన్ని లేవు. డి.ఎన్.ఏ. మాత్రం ఆ జాబితాలోకి రాలేదు.

కనుక మిత్రులారా, విద్యార్థులైనా ఉపాధ్యాయులైనా, ఎవరైనా మీ ముందు "అది వాళ్ళ డి.ఎన్.ఏ.లోనే వుంది" అన్నప్పుడు కోపగించుకోకండి. శాస్త్రజ్ఞుడు అడిగినట్టు అడగండి: ఏ ద్రావణంలో? ఎంత క్షేత్రంలో? ఎంతసేపు? ఆ పైన అణువు అడగలేని ప్రశ్న కూడా అడగండి: ఆ క్షేత్రాన్ని పెట్టింది ఎవరు?